అనసూయ గెలుపు

ఇరవయ్యేళ్ల కాపురంలో అనసూయ అష్టాచెమ్మాలో మొగుడి మీద ఒక్కసారీ గెలవలేదు. ఘుగ్గుస్ బొగ్గు గనిలో డంపర్ నడిపే ఓదేలు చేతికి గవ్వలు చెప్పినట్టు వినేవి. 'చెమ్మా' అని అరిచి వేస్తే నాలుగూ వెల్లకిలా పడేవి. అదంతా అదృష్టమని ఆమె, నేర్పు అని అతను ఎప్పుడూ వాదులాడుకునేవాళ్లు.

అలాంటిది వారం రోజులుగా ఆమే గెలుస్తోంది. ఈ ఆదివారం పొద్దున కూడా ఆఖరి కాయ పండించి చప్పట్లు కొట్టింది.

"చూసినవా, అంత అదృష్టమే! అది ఇప్పుడు నా దిక్కు వచ్చింది. ఇగ ఒప్పుకోవయ్యా."

ఓదేలు నవ్వలేదు.

"ఏంది, కావాల్నని ఓడిపోతున్నవా?"

"లేదే. రోజూ గెలవాల్ననే ఏస్తున్న." అతను కుడిచెయ్యి ఆమె ముందు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "వారం సంది గిట్లనే ఉన్నది. ఆపుదామంటే ఆగుతలేదు."

అనసూయ ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అయినా అది వణుకుతూనే ఉంది.

"ఇయ్యాల డ్యూటీకి పోకు. డాక్టర్‌కు చూపెడదాం."

"చూపెడితే మళ్ల బండి ఎక్కనియ్యరు. నాకు ఇంకేం పని వస్తది, చెప్పు?"

అనసూయ ఆ చెయ్యి వదిలి గవ్వలు ఏరింది.

మధ్యాహ్నం షిఫ్టు టైమయింది. ఓదేలు మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. లేసులు ఎంతసేపటికీ ముడిపడలేదు.

అనసూయ వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు బూట్లకూ తనే ముడి వేసి, పనికి పంపించింది.