ఏడో పేరు

2024 నవంబరు పదో తేదీ, ఆదివారం. ఆ మధ్యాహ్నం పరంజ్యోతి అత్తగారి ఊరి చర్చి భోజనాల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాడు. భార్య లూదియా పోయిన ఈ మూడేళ్లలో ఆయనకు ఎవరైనా అడిగి మరీ రెండో ముద్ద వడ్డించింది ఆ రోజే.

శిరివెళ్ల దగ్గరున్న ఆ చిన్న ఊరు లూదియా పుట్టిల్లు. ఊరి చర్చి గోడకు 1921 నాటి రాయి ఒకటి ఉండేది. 1914-18 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి వెళ్లినవారు అని పైన చెక్కి ఉండేది. దాని కింద ఏడు పేర్లు. ఏటా నవంబరులో ఒక ఆదివారం పాస్టరు ఆ పేర్లు చదువుతాడు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్లు లేచి “ఉన్నాం” అంటారు. తర్వాత భోజనాల్లో మొదటి వరస వాళ్లదే.

ఏడో పేరు ఎజ్రా. ఆ పేరుకు లేచేది ఆయన కోడలు కమలాక్షమ్మ ఒక్కతే. ఎనభై ఆరేళ్లు. భర్త లేడు, పిల్లలు లేరు. అయినా “ఉన్నాం” అనే అంటుంది.

ఆ వేసవిలో గోడకు మరమ్మతు చేస్తుంటే రాయి రెండు ముక్కలైంది. కొత్తది ఆళ్లగడ్డలో చెక్కిస్తున్నారు. పరంజ్యోతి చేతులు కడుక్కుంటుండగా లూదియా మేనల్లుడు అజయ్ కుమార్ వచ్చాడు. చర్చి కమిటీకి అతనే కార్యదర్శి.

“మామా, నంద్యాలలో అన్నేండ్లు హిస్టరీ చెప్పినోడివి. నువ్వే తేల్చల్ల. పాత సర్కారు లెక్కలో ఈ ఊర్నుంచి యుద్ధానికి పోయింది ఆరు మంది. రాయి మీద ఏడు పేర్లుండాయి. ఎజ్రాకు ఆధారం దొరికితే కొత్త రాయి మీద చెక్కిస్తాం. లేకుంటే ఆరే.”

“మరి కమలాక్షమ్మ?”

“ఆమె ఏమన్నా యుద్ధానికి పోయిందా మామా? క్రిస్మస్ లోపల చెప్పు.”

పరంజ్యోతి నేరుగా కమలాక్షమ్మ ఇంటికే పోయాడు. అడిగినదానికి తప్ప జవాబు చెప్పే మనిషి కాదామె.

“మీ మామను చూసినావా అత్తా?”

“నేను కాపురానికి వచ్చేటప్పటికే పోయినాడు.”

“ఎట్ల పోయినాడు?”

“దుమ్ము మింగి మింగి, దగ్గొచ్చి పోయినాడని మా అత్త చెప్పేది.”

పరంజ్యోతి నోటుబుక్కులో ‘మెసొపొటేమియా. ఎడారి గాలి’ అని రాసుకున్నాడు.

“పతకం మాదిరి ఏమన్నా ఇచ్చినారా?”

“ఇచ్చింటే మెడలో ఏసుకోనా?”

ఆయన మెట్టు దిగుతుంటే ఆమే పిలిచింది.

“అల్లుడా, ఏడాదికి ఆ ఒక్క పొద్దు నేను లేచి నిలబడకపోతే, నేనింకా బతికే ఉండానని ఈ ఊర్లో ఎవురికి తెలుస్తాది?”

పరంజ్యోతి నెల రోజులు వెతికాడు. నంద్యాలలో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగేశాడు. కంప్యూటర్లో యుద్ధ సమాధుల జాబితాలు, కూలీ దళాల పట్టికలు చదివాడు. ఆరుగురూ ఒక్కొక్కరే దొరికారు. ఒకాయన కంచరగాడిదలు తోలాడు. ఒకాయన బస్రా రేవులో బస్తాలు మోసి, అక్కడే మట్టిలో కలిశాడు. ఎజ్రా మాత్రం బాప్తిస్మం పొందాడు, పెళ్లి చేసుకున్నాడు, అంతే. యుద్ధానికి ఎక్కడా బయల్దేరలేదు. ఏమైపోయాడో చూద్దామంటే సమాధుల రిజిస్టరును చెదలు తినేశాయి.

క్రిస్మస్‌కు వారం ముందు ఆళ్లగడ్డ పోయాడు. అక్షరాలు చెక్కే అబ్దుల్ రహిమాన్ ఆరు పేర్లు ముగించి కూర్చుని ఉన్నాడు. పాత రాయి ముక్కలు పక్కనే ఉన్నాయి.

“ఏడోది కొట్టాల్నా, వద్దా సార్? రాయి నన్ను చూస్తాండాది, నేను రాయిని చూస్తాండా.”

పరంజ్యోతి వంగి పాత ముక్కను తడిమాడు. “ఈ పేరు మిగతావాటికంటే చిన్నగా ఉందేం?”

“అడుగున మూలలో ఇరికించినాడు సార్. చెయ్యంటే అదీ! నూరేండ్లైనా ఒక్క అక్షరం అంచు కూడా పోలా.”

యుద్ధానికి పోయిన సంగతి ఆలస్యంగా తెలిసి ఉంటుంది, పేరు తర్వాత చేర్చి ఉంటారు అనుకున్నాడు పరంజ్యోతి. అనుకోవడం ఆధారం కాదని ఆయనకు తెలుసు. బయటికి వచ్చి ఫోన్ చేశాడు.

“దొరికింది అజయ్.”

“ఏ పుస్తకంలో మామా?”

“పాతది. అట్ట ఊడిపోయింది.”

“పేజీ?”

“నూట పద్నాలుగు.”

ఆధారం చూపలేదని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు మార్కులు కోసిన మనిషి. పేజీ నంబరు అంత సులువుగా నోటికెలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. లోపలికి పోయి, “కొట్టు రహిమాన్” అన్నాడు.

నంద్యాల బస్సెక్కి, శిరివెళ్లలో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి చీకటి పడుతోంది. ఆటోను నేరుగా కమలాక్షమ్మ ఇంటి ముందే ఆపించాడు. ఆమె తలుపు వేసుకోబోతోంది.

“ఏడో పేరు ఉంటాది అత్తా. ఆధారం దొరికింది.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

“బొంకినావా అల్లుడా?”

“రవంత.”

“అదీ. లూదియా నిన్ను ఊరికే చేసుకోలా.”

లోపలికి పోయి, గుడ్డలో చుట్టినదేదో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చిన్నదే గానీ బరువుగా ఉంది.

“రాయి కొట్టే ఆయనకు ఇయ్యి, యుద్ధానికి పోయిన ఆరు మంది పేర్లూ చెక్కినాక, మా మామ అడుగున తన పేరు కొట్టుకునింది ఈ ఉలితోనే” అని, కమలాక్షమ్మ చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.