మిలోయ్కా పేరు మీద బిల్లు

"మీ వ్యాపారం వ్యాట్ పన్ను నంబరు మా సిస్టం ఒప్పుకోవట్లేదండీ. సొంత వాడకానికని పెట్టండి, పన్ను కలిపి చందా ఇప్పుడే ఇచ్చేస్తాం," అన్నాడు ఫోన్లో ఐర్లాండు కంపెనీ ఉద్యోగి.

"నాది వ్యాపారం. అలాగే రాయండి. లేదంటే రేపూ ఫోన్ చేస్తాను, ఎల్లుండీ చేస్తాను," అంది మిలోయ్కా. లేసు డిజైన్లు గీసుకునే ఆన్‌లైన్ చందా కోసం తన ఊరు ఇద్రియా నుంచి ఆమె చేసిన ఐదో ఫోను అది.

గంట తర్వాత వ్యాపారం పేరున, పన్ను లేకుండా బిల్లు వచ్చింది.

"అయితే పన్ను మిగిల్చావన్నమాట!" అని నవ్వాడు ఆమె భర్త సిరిల్.

"ఏమీ మిగల్లేదు. ఆ పన్నేదో ఇక్కడ స్లొవేనియాలో నేనే కట్టాలి."

"మరి దేనికే ఈ గొడవంతా?"

ఆమె బిల్లు తీసి అతని ముందు పెట్టింది. 'మిలోయ్కా లేసు వ్యాపారం' అని ఉంది.

"ముప్పై ఏళ్లుగా అల్లింది నేను. నీ కొట్లో ప్రతి లేసు మీదా పేరు మాత్రం నీది. ఇకమీద నీకు లేసు కావాలంటే నాకు ఆర్డరు పెట్టాలి."

సిరిల్ నవ్వు ఆగిపోయింది. బిల్లు రెండుసార్లు చదివాడు.

"ఎప్పటికిస్తావ్?" అని మెల్లిగా అడిగాడు.

"ఆగాలి. నీకంటే ముందు ఇద్దరున్నారు."