రవళి వేలు

సోమవారం పొద్దున తాటిచెట్లెక్కే ప్రతివాడూ ఇంటి గోడకున్న పెట్టెలో వేలు పెట్టాల్సిందే. ఒక్క నెత్తురు చుక్కతో కాలేయం ఎంత గట్టిపడిందో అది అంకెలో చెబుతుంది. వెనకటికి డొక్కలో పెద్ద సూది దింపి కాలేయం ముక్క తీసేవారట. ఇప్పుడా బాధ లేదు. అంకె పది దాటిందా, పెట్టె పంపిన కబురందుకుని కల్లుగీత సంఘం పెద్దే వచ్చి చెట్టెక్కే మోకు పట్టుకుపోతాడు.

నిఖిల్ గౌడ్‌కు పోయిన వారమే తొమ్మిది వచ్చింది. ప్రతి చెట్టు కల్లూ రుచి చూసి గానీ దించడు మరి.

"ఈసారి నా వేలు పెడత," అంది భార్య రవళి. "కల్లు నోట్లె పోసుకోనిదాన్ని. మూడో నాలుగో వస్తది."

పద్దెనిమిది వచ్చింది.

రెండేళ్లుగా కాళ్లు వాస్తుంటే, కల్లు కుండలు కడుగుతూ నిలబడ్డందుకే అనుకుంది రవళి. కాళ్ల వాపూ, గాటు పడితే ఆగని నెత్తురూ కాలేయం చెడ్డ గుర్తులని ఆమెకెవరూ చెప్పలేదు.

కాసేపటికే సంఘం పెద్ద శ్రీశైలం వచ్చాడు. "పెద్దాసుపత్రిల నీ పేరు మీద మంచం రాయించిన, నిఖిలూ."

"అది నా నెత్తురు కాదు మామా, ఆమెది!"

"పొద్దటి సంది ఇది నాలుగో ఇల్లురా. అందరూ పెండ్లాం వేలే అంటున్నరు."

"అయితే ఆ మంచం ఆమెకు రాయి!"

"చెట్టెక్కనోళ్లకు నేనెట్ల రాస్త బిడ్డా?" నిజంగానే బాధపడుతూ మోకు కోసం చెయ్యి చాచాడు శ్రీశైలం.

రవళే కొక్కేనికున్న మోకు తీసి ఇచ్చింది. తాడు మీద ఎర్రటి మరక పడింది. సూది గుచ్చిన వేలు ఇంకా కారుతూనే ఉంది.