వాపసు బల్ల

"ఉన్ని చొక్కా అడుగున పెట్టాను. మఫ్లరు పైనే ఉంది. మందులు పక్క జేబులో. వింటున్నారా?"

"వినకేం చేస్తాను, జబ్బు చెవులకి కాదుగా," అన్నాడు దర్జీ మంచం మీద నుంచి. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది.

సంచీ జిప్పు సగంలో మొరాయించింది. భార్య మోకాలితో అదిమి, లాగి మూసింది. పక్కనే ఆక్సిజన్ మిషన్. ఆమె పనిచేసే ఫ్యాక్టరీదే. అక్కడ పారేసేదంటూ ఏదీ ఉండదు. జనం వాడిన మిషన్లు లారీలో వాపసు వస్తాయి. ఆమె వాటిని తన బల్ల మీద విప్పి, కడిగి, బాగున్న భాగాలు ఏరి కొత్తవాటికి పంపుతుంది. పొద్దస్తమానం విప్పడమే పని గనక దర్జీ ఆమెకి స్క్రూలమ్మ అని పేరు పెట్టాడు.

"నన్ను కూడా నీ బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరితిత్తులు కడిగి బిగించెయ్యకూడదటే? ప్రయాణం తప్పుతుంది."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అవేం మాటలు?" అంటూ ఆమె అతని కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసింది. మిషన్ మూత విప్పి, లోపలి తీగకి దారం ముడివేసి, మళ్ళీ బిగించింది.

"అదెందుకు?"

"గుర్తుకి. ఎంత దూరం పోయినా చివరికి నా బల్ల మీదికే రావాలి."

దర్జీ మిషన్ వంక చూశాడు. తను చేరబోయే పైఊరి ఆసుపత్రిలో తోడు ఉండనివ్వరు. "నిజం చెప్పవే. ఇవైతే వాపసు వస్తాయి. మరి వాడిన మనుషులో?"

ఆమె స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచింది. అక్కర్లేనంతసేపు తుడిచింది.

"మిషన్ వాపసు వచ్చిందంటే మనిషి లేచి తిరుగుతున్నట్టే. లేకపోతే ఎందుకు పంపుతారు? రోజూ నా బల్ల నిండా వస్తున్నాయి. అంతమందీ లేచినవాళ్ళేగా!"

దర్జీ మొహం తేటపడింది. ఆ మాట పట్టుకునే బస్సెక్కాడు. ఆసుపత్రిలో దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడల్లా ఆ మాటే నెమరేసుకున్నాడు.

చలి వెనకబట్టేసరికి జబ్బూ వెనకబట్టింది. మిషన్ లేకుండా నిద్రపోయాడు. మెట్లెక్కాడు. "ఇక దీంతో పనిలేదు, ఇంటికెళ్ళు," అన్నాడు డాక్టరు.

వెంటనే ఇంటికి ఫోన్ చేయబోయి, ఒక చిలిపి ఆలోచన వచ్చి ఆగాడు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే కావాలని దగ్గి, "అలాగే ఉందే," అన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే మిషన్‌ని ఫ్యాక్టరీ వాపసు లారీ ఎక్కించి, తను బస్సెక్కాడు. ఆమె గొంతు వింటే నవ్వాగక నిజం కక్కేస్తానని ఫోన్ ఆపేశాడు. దారి పొడుగునా ముసిముసిగా నవ్వుకున్నాడు. మూత విప్పగానే ఎర్రదారం! స్క్రూలమ్మ చేతిలో స్క్రూడ్రైవరు జారిపోతుంది. పక్క బల్లల వాళ్ళందరినీ కేకేసి మరీ చూపిస్తుంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. తలుపుకి తాళం. తన దగ్గరున్న తాళంచెవితో తీశాడు. ఇల్లు ఊడ్చాడు. టీకి నీళ్ళు పొయ్యి మీద పడేసి, రెండు గ్లాసులు కడిగి పెట్టాడు. అప్పుడు ఫోన్ ఆన్ చేశాడు. ఆమె చేసిన కాల్స్ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి.

"చూసేసింది!" అని పైకే నవ్వాడు.

వాకిట్లో అలికిడైంది. దర్జీ పిల్లాడిలా తలుపు చాటున నక్కి, ఒక్కసారిగా ముందుకి దూకాడు. వచ్చింది భార్య కాదు. ఫ్యాక్టరీలో ఆమె పక్క బల్లావిడ. చేతిలో స్క్రూలమ్మ టిఫిన్ బాక్సు ఉంది. అతన్ని చూసి గోడకి జారగిలబడింది.

"అన్నయ్యా... నువ్వు బతికే ఉన్నావా?"

"బతకడమేమిటి, మెట్లెక్కి దిగుతున్నాను! మిషన్ చేరిందా? దారం చూసిందా మీ వదిన? గంతులేసిందా?"

"చూసింది." ఆవిడ టిఫిన్ బాక్సు గడప పక్కన పెట్టింది. "ఎంత పని చేశావు అన్నయ్యా! లేచినవాళ్ళు మిషన్ పంపరు. జబ్బు తిరగబెడుతుందేమోనని భయపడి ఇంట్లోనే అట్టేపెట్టుకుంటారు. మా బల్లల మీదికి వచ్చేవన్నీ పోయినవాళ్ళవే."

"అదేమిటి... లేచినవాళ్ళవని తనే చెప్పిందిగా."

"నీకు ధైర్యం చెప్పింది."

పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగుతున్నాయి. ఎవరూ దించలేదు.

"తనేదీ?" అన్నాడు దర్జీ.

ఎర్రదారం గుప్పిట్లో పట్టుకుని, ఆసుపత్రికి బయల్దేరి, ఫ్యాక్టరీ గేటు దగ్గర రివర్సులో వస్తున్న లారీని చూసుకోని స్క్రూలమ్మ, ఆ మధ్యాహ్నమే దాని చక్రాల కింద ప్రాణం వదిలింది; ఇక తిరిగి రాదు.