ముప్పయ్యో నంబరు

తనిఖీ కమిటీ లోపలికి అడుగుపెట్టేసరికి కల్లూరులోని ఆ డిగ్రీ కాలేజీ హాల్లో గోడంత తెర వెలుగుతోంది. దాని పక్కన కొత్త చొక్కాలో కరెస్పాండెంటు కంబన్న నిలబడి ఉన్నాడు.

కంబన్న ఇంటర్‌తో చదువు ఆపి కర్నూలు ఉల్లి యార్డుకు వచ్చినవాడు. మండీలో సంపాదించి కాలేజీ పెట్టాడు. ఉల్లి నిలవ ఉంటే కుళ్ళుతుంది, చదువు కుళ్ళదు అని ఆయన లెక్క.

ఇప్పుడు కంప్యూటర్ కోర్సు ఉంటుందా ఊడుతుందా అన్నది కమిటీ చేతుల్లో ఉంది. కనీసం పాతిక మంది ఉండాలి, వాళ్ళు నిజంగా పాఠాలు వింటూ ఉండాలి. లేకపోతే కోర్సు రద్దు. దాంతోపాటే శివకుమారి మేడం ఉద్యోగమూ.

పాఠాలన్నీ ఆమెవే. వీడియోలు తీసి, ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఉచితం అన్న మాటకు కంబన్నకు కొన్నాళ్ళు అన్నం సయించలేదు. దానికి కమిటీ విడిగా మార్కులు వేస్తుందని తెలిశాక ఆకలి తిరిగొచ్చింది. పిల్లలు పాఠం ఇంట్లో చూసి రావాలి, క్లాసులో సందేహాలు అడగాలి అన్నది ఆమె పద్ధతి. అందులో కంబన్నకు బాగా అర్థమైంది, క్లాసులో ఫ్యాన్లు తక్కువసేపు తిరుగుతాయన్నదే.

ఎవరు ఎంత చూశారో చెప్పే యాప్ మాత్రం ఆయన సొంత కొనుగోలు. తన ఫోన్‌లో రోజూ కుప్పలుగా పడే మెసేజ్‌లను మాత్రం ఆయన చదవకుండానే తుడిచేసేవాడు.

చేరికలప్పుడు సగం సీట్లు కూడా నిండలేదు. "తక్కినవి నువ్వు నింపప్పా" అని కంబన్న గుమాస్తా ఈరేష్‌కు చెప్పాడు. ఈరేష్ ముప్పైకి నింపాడు. పాతికకు పైన అయిదు తరుగు కింద, ఎవరైనా రాలిపోయినా లెక్క తగ్గకుండా. ఎవరితో నింపావని కంబన్న అడగలేదు. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాడు. ఈరేష్ అంత నమ్మకస్తుడు మరి. మండీ పనులు, కాలేజీ పనులు, ఊళ్ళో ఉన్న కంబన్న తల్లి భీమమ్మ ఫోన్‌కు రీచార్జి, అన్నీ అతని చేతిమీదుగానే.

అలా నింపిన వాళ్ళలో దాదాపు అందరి పేర ఆఫీసు అల్మరాలో ఫోన్లు పొద్దస్తమానం పాఠాలు వింటున్నాయి. నిజంగా చేరిన పిల్లలకంటే వాటి హాజరే బాగుంది.

కమిటీ పెద్ద ఉమామహేశ్, ఏ నంబరు ఎన్ని పాఠాలు విన్నదో చూపిస్తున్న తెర వైపు అనుమానంగా చూశాడు.

"అందరూ ఇంత శ్రద్ధగా చదువుతున్నారంటే నమ్మడం ఎలాగండీ?"

కంబన్నకు యార్డు గుర్తొచ్చింది. కొనేవాడి కళ్ళముందే ఒక కుళ్ళు గడ్డ తీసి పారేస్తే మిగతా కుప్పకు రేటు పెరుగుతుంది.

"అందరూ యాడ సార్! ముప్పయ్యో నంబరు చూడండి. మొదట్నుంచీ ఒక్క పాఠం తెరిచిండడు. దినామూ పొద్దున్నే మెసేజ్ పోతాండాది. పలకడు."

"పేరు?"

"పేర్లు కనపడకుండా నేనే చేపిచ్చినా. ఎర్రగడ్డల కుప్ప ముందర కూసున్నప్పుడు ఇది యే రైతుదని అడగను సార్. పేరు తెలిస్తే మొగమాటం. గడ్డ చూసి రేటు చెప్తా, అంతే."

కమిటీ వాళ్ళు ముచ్చటపడి ఆ మాట రాసుకున్నారు.

శివకుమారి లేచింది. "సార్, ఆ నంబరు వద్దు. ఇంకోటి చూపిద్దాం."

"ఏమ్మా, మీ చుట్టమా?"

"నా చుట్టం కాదు సార్."

"మరి ఈరేష్ చుట్టమా?"

ఈరేష్‌కు దగ్గొచ్చింది. "కాదన్నా" అని నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఒక్క నిమిషం బయటికి రండి సార్, చెప్తాను."

"బయటికెందుకు? పెద్దోళ్ళ ముందరే చెప్పు. నా కాలేజీలో దాపరికం లేదు."

ఆమె కమిటీ వైపు చూసింది. కూర్చుంది.

కంబన్నకు ఊపొచ్చింది. "ఇట్లాంటోళ్ళతోనే సార్ కాలేజీలకు చెడ్డపేరు. సీటు అడ్డం పెట్టుకోని యాడ తిరుగుతాండాడో! ఎంత సిగ్గులేనోడైతే ఇట్ల చేస్తాడు? పాపం వాళ్ళమ్మకు ఏం తెల్సు, కొడుకు ఈడ చేసే నిర్వాకం!"

"మరి ఇతన్ని ఏం చేస్తారు?"

"ఇప్పుడే చూడండి." కంబన్న తన ఫోన్‌ను తెరకు, స్పీకర్లకు కలిపాడు. "ఇది నొక్కితే పేరు కొట్టేసినట్లే. మళ్ళా చేర్చేకి నాతో గూడా కాదు. వాళ్ళింటికి తెలుగులో ఫోన్ పోతాది, తిరిగి చేస్తే నాకే వస్తాది. చదువు రాని తల్లికి గూడా తెలియాల గదా."

"సార్..." అంది శివకుమారి ఆఖరిసారి.

ఆయన నొక్కాడు.

తెర మీద ముప్పయ్యో నంబరు ఎర్రబడింది. స్పీకర్లలో ఒక తియ్యటి గొంతు వినిపించింది. "మీ అబ్బాయి పాఠాలు వినడం లేదు. అందువల్ల కాలేజీ నుంచి పేరు తొలగించడమైనది."

కమిటీలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంత నిక్కచ్చి కాలేజీని ఈ జిల్లాలో చూడలేదన్నాడు ఉమామహేశ్. కలం మూత తీశాడు.

అంతలో కంబన్న ఫోన్ స్పీకర్లలో మోగింది.

"చూస్తిరా సార్! తల్లి అప్పుడే ఫోన్ చేస్తాంది. ఏమంటాదో మీరే వినండి" అంటూ కమిటీ వైపే చూస్తూ ఎత్తాడు. ఈరేష్ మెల్లగా తలుపు దగ్గరికి జరిగాడు.

"ఒరే కంబన్నా," అంది హాలంతా మోగేలా భీమమ్మ గొంతు, "కాలేజీలో నీ పేరు కొట్టేసినారంట గదరా, ఈ వయసులో చదువుకుంటాండావని కన్నతల్లికైనా ఒక మాట చెప్పకూడదా?"