తుప్పుకి మందు

"మాత్రలు ఎక్కడ దాచావే?" అంటూ బస్సు మెకానిక్ పెళ్లాం చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె విసురుగా వెళ్లి పొయ్యిగట్టు మీద పడింది. గిన్నెలు దొర్లాయి.

"ఒక్క నిమిషం వినండి. అవి మీకు పడవట. రిపోర్టుల కోసం వెళ్తే డాక్టరు గారు..."

"నా జబ్బు సంగతి నీతో చెప్పాడా? కథలు పడకు."

ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకుని అతని ఒంట్లో ఇనుము పేరుకుపోయింది. అది లోపల కణాలను తినేస్తోంది. విటమిన్ సి యాంటీఆక్సిడెంటనీ, బస్సు అడుక్కి రెడ్ ఆక్సైడ్ పూసినట్టు కణాలకు తుప్పు పట్టనివ్వదనీ గ్యారేజీలో ఎవరో చెప్పారు. మహానుభావుడికి ఇక అదే వేదం. పెద్ద డబ్బా కొనుక్కొచ్చాడు. అంత ఇనుమున్న ఒంట్లో ఆ మాత్రలు పడితే ఇనుమంతా కదిలి గుండె మీద పడుతుందనీ, గుండె ఆగినా ఆగిపోవచ్చనీ డాక్టరు ఆమెకు మరీ మరీ చెప్పాడు. ఎంత తన్నినా కట్టుకున్నవాడు. చూస్తూ చూస్తూ చావనివ్వలేక డబ్బా దాచేసింది.

"నేను పోతే పీడా వదులుతుందనేగా," అంటూ అతను వీల్ స్పానర్ అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే మణికట్టు పుటుక్కుమంది. పక్క గదిలో కూతురు హడలిపోతుందని కేకను నోట్లోనే కుక్కుకుంది.

"చంపినా ఇవ్వను. మీ మంచికే."

అతను స్పానర్ దించాడు. "నువ్వు చెప్పకపోతే నీ కూతురు చెప్తుంది."

పిల్లను జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"నాకు తెలీదు నాన్నా," అంటున్నా వినకుండా గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. స్పానర్ మళ్లీ పైకి లేచింది.

"ఆగండి. ఇస్తాను," అంది ఆమె.

విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, రెండో చేత్తో పిండి డబ్బా అడుగునుంచి మాత్రలు తీసిచ్చింది. గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చిపెట్టింది.

అతను రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు. ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాడు.

"ఈ బుద్ధి ముందే ఉంటే ఇంత రభస ఉండేదా? ఇప్పుడైనా నిజం చెప్పు, ఎన్ని వేసుకోమన్నాడు ఆ డాక్టరు?"

ఆమె కూతురి నుదుటికి కొంగు అదిమిపట్టి అతని వైపు చూసింది.

"పూటకి నాలుగండీ."