కింది గడి

చివరి గంట కొట్టి, పిల్లలంతా గేటు దాటాక, అతను చేతులు కడుక్కుని, చొక్కా దులుపుకుని హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి అడుగుపెట్టాడు. వారం రోజులుగా ఆ తలుపు దాకా రావడం, నీళ్ళు నమిలి వెనక్కి తిరగడం. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాల్సిందే. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు.

"కూర్చోండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నారు" అందావిడ.

"ఫర్వాలేదు మేడమ్. మా అమ్మాయి గురించి వచ్చాను. ఏడో తరగతి. బస్టాండు దగ్గరున్న పెద్ద బడిలో చురుకైన పిల్లలకి వేరే లెక్కల క్లాసు పెట్టారటగా. అదీ సర్కారు బడే. మా పిల్లని అక్కడికి పంపించండి."

"ఇక్కడేం తక్కువైంది?"

"లెక్కల మాస్టారు."

అనేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు.

"పదకొండేళ్ళుగా అదే నోట్సండీ. అంచులు పసుపెక్కి రాలిపోతున్నాయి. రైలూ ప్లాట్‌ఫాం లెక్క దగ్గర ఏటా అదే జోకు. నవ్వేది ఆయనొక్కడే. పరీక్ష పేపర్లో మారేది పైనున్న తేదీ మాత్రమే. మా పిల్ల పావుగంటలో అన్నీ చేసేసి ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటుంది. కష్టమైన లెక్క ఇమ్మంటే, పక్కవాళ్ళకి చెప్పమ్మా అంటాడు."

"యాభై మంది పిల్లలు కదండీ. ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

"ఆ సాకు వినీ వినీ విసుగొచ్చింది మేడమ్."

ఆవిడ పెదవి చివర నవ్వు కదిలింది. "ఆయనతోనే ఓ మాట అనకపోయారా?"

"రోజూ అంటూనే ఉన్నాను. చెవికెక్కదు. రేపట్నుంచి మారతానంటాడు. ఆ రేపు రాదు. వాళ్ళావిడ కూడా చెప్పి చూసింది."

"పోనీ, ఇంట్లో మీరే కాస్త గట్టి లెక్కలివ్వచ్చుగా?"

"ఇచ్చాను. మూడు రోజులకి నా దగ్గరున్న సరుకు అయిపోయింది."

పోయిన వారం వంటగదిలో పిల్ల వాళ్ళమ్మ చెవిలో, నాన్నకి వినపడకుండా, "లెక్కలంటే నిద్రొస్తోందమ్మా" అంది. నాన్నకి వినపడింది. ఐదేళ్ళప్పుడు మెట్లెక్కుతూ ఎక్కాలు చెప్పిన పిల్ల అది. ఆ మాట విన్నప్పట్నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే ఆ ఇష్టం కాస్తా ఆరిపోతుందని భయం.

హెడ్‌మిస్ట్రెస్ సొరుగులోంచి ఫారం తీసి ముందుకు జరిపింది. "ఇప్పుడు చెప్పిందంతా రాయండి."

అతను ఒక్కటీ వదలకుండా రాశాడు. జోకు సంగతి కూడా రాశాడు. తండ్రి అని ఉన్నచోట సంతకం పెట్టాడు.

"కింది గడి చూశారా? పైన రాసింది నిజమని లెక్కల మాస్టారు కూడా సంతకం పెట్టాలి. లేకపోతే చెల్లదు."

అతని మొహం పాలిపోయింది. "తన చేతకానితనం తానే ఒప్పుకుంటూ ఏ మాస్టారు సంతకం పెడతాడండీ?"

"నన్నడిగితే? ఆయనకి రోషం జాస్తి అని మాత్రం తెలుసు. పావుగంటలో గుమాస్తా ఫారాలు పట్టుకుని బయల్దేరతాడు."

అతను రాసిందంతా మళ్ళీ చదువుకున్నాడు. మాస్టారి పరువు తీసి పందిరేసినట్టే ఉంది. కనీసం ఆ జోకు ముక్కయినా కొట్టేద్దామా అనిపించింది. కిటికీలోంచి చూశాడు. ఖాళీ మైదానం అంచున, మెట్టు మీద, తన కోసం ఆగిన పిల్ల, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆవులిస్తూ గేటు ఊచలు లెక్కపెడుతోంది.

పై సంతకం తడి ఆరకముందే, అదే పెన్నుతో, కింది గడిలో "నిజమే" అని రాసి, పదకొండేళ్ళుగా ఆ బడి లెక్కల మాస్టారైన తనే రెండో సంతకమూ పెట్టాడు.